కుక్క మళ్లీ వచ్చింది సార్!

పోయిన వారం దోమల ఫాగింగ్ గురించి రాస్తే, మీ దగ్గర్నుంచి వచ్చిన మెసేజ్‌లు మాత్రం దాదాపు అన్నీ కుక్కల గురించే. ఒకాయన ఏకంగా స్క్రీన్‌షాట్ పెట్టారు. పైన యాప్‌లో ఆయన ఇచ్చిన కంప్లైంట్. కింద పచ్చరంగులో ‘పరిష్కరించబడింది’ అని స్టేటస్. ఆ కింద ఆయన సొంత మాట: ‘‘పట్టుకెళ్లిన కుక్క వారం తిరక్కుండా మళ్లీ మా గేటు ముందే పడుకుంది. ఏం పరిష్కరించారు సార్ మీరు?’’

అడగాల్సిన ప్రశ్నే. శానిటరీ ఇన్‌స్పెక్టర్ అంటే చెత్త, డ్రైన్లు చూసుకునేవాడని మా ఇంట్లో వాళ్లే ఇప్పటికీ అనుకుంటారు. అవి ఎలాగూ తప్పవు. వాటితో పాటు పక్కింటి కోళ్లు, పై అంతస్తు పావురాలు, ఖాళీ స్థలంలో పందులు, రోడ్డు మధ్యలో ఆవులు, అర్ధరాత్రి అరిచే కుక్కలు. ఆఫీసు భాషలో వీటన్నిటికీ కలిపి ‘న్యూసెన్స్’ అని ఒకటే పేరు, దానికో రిజిస్టర్, ఆ రిజిస్టర్‌కి నేను. ఇన్నేళ్లలో నా ఫోన్ ఎక్కువసార్లు విన్న వాక్యం మాత్రం ‘‘కుక్క మళ్లీ వచ్చింది సార్’’ అనేదే.

నిజం చెప్పాలంటే అది రాలేదండీ. మేమే తెచ్చి వదిలాం. ఎక్కడ పట్టామో సరిగ్గా అక్కడే.

వీధికుక్కని చంపడానికి లేదు, తీసుకెళ్లి ఊరవతల వదిలేయడానికీ లేదు. 2001లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు చెప్పేది ఇదే. పట్టాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, రేబిస్ టీకా వేయించాలి, పట్టిన చోటే వదలాలి. మేం ‘ఏబీసీ’ అని పిలిచేది దీన్నే. బండి వచ్చే ముందు వీధిలో బ్యానరో మైకో పెట్టి జనానికి చెప్పాలి. వలతో పట్టాలి, మచ్చికైనదైతే చేత్తో పట్టాలి. ఇనుప పటకార్లు, తీగ ఉచ్చులు వాడకూడదు. పట్టిన ప్రతి కుక్కకీ ఒక నంబరు, రిజిస్టర్‌లో దాని పుట్టుపూర్వోత్తరాలు: ఏ వార్డు, ఏ వీధి, ఎవరి ఇంటి ముందు, రంగేంటి, మగదా ఆడదా. ఆపరేషన్ అయ్యాక కుట్లు మానేదాకా కొన్ని రోజులు కేంద్రంలో ఉంచుతారు. మత్తులో ఉండగానే చెవి కొసన చిన్న ‘వీ’ ఆకారంలో గాటు పెడతారు.

మీ వీధిలో కుక్కల చెవులు ఎప్పుడైనా గమనించారా? ఈసారి చూడండి. గాటు ఉందంటే ఆపరేషన్ అయింది, టీకా పడింది అని అర్థం. ఆ గుర్తు మా కోసమే, మళ్లీ దాన్నే పట్టి మళ్లీ కోయకుండా. కానీ జనానికి కూడా తెలిస్తే నాకు సగం ఫోన్లు తగ్గుతాయి.

అదే చోట ఎందుకు వదలాలి? ఈ ప్రశ్నకి నేను చెప్పే జవాబు ఎవరికీ నచ్చదు. కుక్కలకి హద్దులుంటాయి. మీ వీధి ఐదు కుక్కలూ పక్క వీధి కుక్కల్ని రానివ్వవు. ఈ ఐదింటినీ ఎత్తేస్తే చోటు ఖాళీ, చెత్తకుండీ దగ్గర తిండి మాత్రం అలాగే ఉంది. నెలా రెణ్నెల్లలో కొత్తవి దిగుతాయి. వాటికి ఆపరేషన్ కాలేదు, టీకా పడలేదు, మీ పిల్లల మొహాలు తెలియవు. ఆడకుక్క రెండు నెలలే మోస్తుంది, ఏడాదికి రెండు ఈతలు, ఈతకి నాలుగైదు పిల్లలు. లెక్క మీరే వేసుకోండి. రేబిస్ ఆగాలంటే ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే మీ వీధిలో పదుంటే ఏడు. రెండింటిని పట్టి ఫొటో దిగి వెళ్లిపోతే పని అయినట్టు కాదు. చాలా ఊళ్లలో జరిగేది అదే అని నేను ఇక్కడ రాస్తే మా ఆఫీసులో కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

ఇవన్నీ నేను ఒకావిడకి చెప్పాను. వాళ్ల అబ్బాయికి ఏడేళ్లు. ట్యూషన్ నుంచి వస్తుంటే పిక్క పట్టేసింది. ఏరియా ఆస్పత్రిలో మూడో ఇంజెక్షన్ వేయించి నేరుగా మా ఆఫీసుకి వచ్చిందావిడ. నేను హద్దులు, ఖాళీ చోటు, 70 శాతం అన్నీ వివరించాను. ఓపిగ్గా విన్నది. విని, ‘‘అన్నా, నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. రేపు పొద్దున ఎనిమిదింటికి వీణ్ని ఆ వీధిలోంచే బడికి తీసుకెళ్లాలి. ఆ 70 శాతం ఎప్పటికి అవుతుంది?’’ అని అడిగింది.

దానికి నా దగ్గర తారీకు లేదు. అందుకే ఆ ఉదయం మా జవాన్‌ని ఎనిమిదింటికి ఆ మలుపులో నిలబెట్టాను. తర్వాత వారం రోజులూ నిలబెట్టాను. ఇది ఏ రూల్ బుక్‌లోనూ లేదు. కరిచిన కుక్కని గుర్తుపట్టి, పట్టుకుని, విడిగా ఉంచి గమనించాం. పది రోజులయ్యాక కూడా బాగానే ఉంది, రేబిస్ లేదు. పిచ్చెక్కిన లక్షణాలుంటే వేరే సంగతి, అలాంటిదాన్ని చచ్చిపోయేదాకా విడిగానే ఉంచాలి, బయటికి వదలకూడదు.

ఆవిడ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను, మీరూ తీసుకోవద్దు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో ఒక చిన్న పిల్లాణ్ని కుక్కలు చుట్టుముట్టి చంపేసిన సీసీటీవీ వీడియో మీలో చాలామంది ఫోన్లకి వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది, పూర్తిగా చూడలేకపోయాను. దేశం మొత్తమ్మీద 2024లో నమోదైన కుక్కకాట్లు 37 లక్షలు దాటాయి. మొరిగే కుక్క కరవదని సామెత. దాన్ని కట్టినవాడు శానిటరీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాడు మాత్రం కాదు.

పోయినేడు ఆగస్టు, అంటే 2025, మాకు మర్చిపోలేని నెల. 11వ తేదీన సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జిల బెంచ్ ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమంది, తిరిగి వదలొద్దంది. ఆ సాయంత్రం నుంచి నా ఫోన్ ఆగలేదు. ‘‘కోర్టు చెప్పింది కదా, ఇంకా ఏంటి ఆలస్యం?’’ అని ఒకరు, ‘‘మా బ్రౌనీని మీరు ముట్టుకుంటే ఊరుకోం’’ అని ఇంకొకరు. మన ఊరు ఢిల్లీ కాదు మొర్రో అంటే వినేదెవరు? 22వ తేదీకి ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని మార్చింది. ఆపరేషన్, టీకా, నులిపురుగుల మందు అయ్యాక పట్టిన చోటే వదలండి, రేబిస్ ఉన్నవాటినీ మరీ దూకుడుగా ఉన్నవాటినీ మాత్రం వదలొద్దు, తిండి వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు, వార్డుల్లో అందుకోసం చోట్లు చూపించండి అని. దీని పరిధిని దేశమంతటికీ పెంచింది. మళ్లీ నవంబర్ 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, స్పోర్ట్స్ కాంప్లెక్సుల నుంచి పట్టినవాటిని మాత్రం అక్కడే వదలొద్దు, షెల్టర్‌కి పంపండి అంది.

ఇక్కడ మా బాధ ఏంటంటే, షెల్టర్ అనేది ఆర్డర్ కాపీలో ఒక మాట. నేల మీద అది స్థలం, షెడ్డు, నీళ్లు, రోజూ తిండి, డాక్టరు, ఊడ్చే మనిషి. ఆర్డర్ ఒక్క రోజులో వస్తుంది. చిన్న మున్సిపాలిటీకి ఆ షెడ్డు రావడానికి ఎన్ని ఫైళ్లు తిరగాలో మీ ఊహకే వదిలేస్తున్నా. అది వచ్చేలోగా బస్టాండు కుక్క బస్టాండులోనే ఉంటుంది, కండక్టర్లు బిస్కెట్లు వేస్తూనే ఉంటారు.

కుక్కల కంప్లైంట్ అని వెళ్తే అక్కడ కుక్క గొడవ కాకుండా ఇంకేదో ఉండటం కూడా మామూలే. పార్కింగ్ గొడవ, నల్లా నీళ్ల గొడవ, ఎప్పుడో పెళ్లికి పిలవని గొడవ. కుక్క మధ్యలో దొరికింది. అలా కాకుండా రెండు వైపులా న్యాయం ఉన్నవి కూడా వస్తాయి, అవే కష్టం. ఒకటి చెప్తాను.

ఒక అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో ఒక రిటైర్డ్ టీచరుగారు. సెల్లార్‌లో ఐదు కుక్కలకి రోజూ రాత్రి పెరుగన్నం పెడతారు. రెండో అంతస్తులో ఒక కుర్రాడు, నైట్ షిఫ్ట్ చేసి తెల్లారుజామున మూడింటికి వస్తాడు. బైక్ సెల్లార్‌లోకి దిగగానే ఐదూ లేచి వెంటపడతాయి. ఒకసారి బైక్ పడి మోచెయ్యి కొట్టుకుపోయింది. అసోసియేషన్ వాళ్లు ‘కుక్కలకు తిండి పెట్టరాదు, అతిక్రమిస్తే 5000 జరిమానా’ అని లిఫ్టులో కాగితం అంటించారు. టీచరుగారు దాన్ని చింపేశారు. నేను వెళ్లేసరికి సెల్లార్‌లో పదిహేను మంది.

‘‘నువ్వు బెదిరిపోతావు కాబట్టే అవి వెంటపడతాయి నాయనా’’ అంటున్నారావిడ.

‘‘అంటే బెదరకుండా ఉండటానికి నేను ట్రైనింగ్ తీసుకోవాలా ఆంటీ?’’ అన్నాడు వాడు. నవ్వాలో వద్దో తెలియక అందరూ నా వైపు చూశారు.

రూలు ఇద్దరికీ సగం సగం ఉంది. తిండి పెట్టడాన్ని అసోసియేషన్ పూర్తిగా ఆపేయలేదు, సొంతంగా జరిమానా వేయడం అసలే కుదరదు. కానీ 2023 నిబంధనల ప్రకారం ఆ తిండి పెట్టే చోటు మెట్ల దగ్గర, గేటు దగ్గర, పిల్లలు ఆడుకునే చోట ఉండకూడదు. పిల్లలు, పెద్దవాళ్లు తిరిగే వేళ కాకుండా చూసుకోవాలి. చోటు చూపించాల్సింది అసోసియేషనే. పెట్టినవాళ్లే శుభ్రం చెయ్యాలి. అంటే ఆవిడ పెట్టొచ్చు, సెల్లార్‌లో మాత్రం కుదరదు. పాము చావకుండా కర్ర విరక్కుండా చేసే పనిలో గంటన్నర పోయింది. చివరికి వెనక గోడ వైపు, జనరేటర్ పక్కన, రాత్రి తొమ్మిదింటికి, అరగంటలో గిన్నెలు తీసేసేలా ఒప్పందం.

అసలు లాభం ఇంకోటి. ఆ ఐదింట్లో మూడింటికి ఆపరేషన్ కాలేదు. అంతకుముందు రెండుసార్లు బండి వచ్చి వట్టి చేతులతో వెళ్లింది. కుక్కలకి మా బండి తెలుసండీ, ఇంజిన్ చప్పుడు సందు మొదట్లో వినపడగానే వీధి ఖాళీ. ఈసారి టీచరుగారు ‘‘రారా రాజా’’ అంటూ ఒక్కొక్కదాన్నీ ఎత్తి తానే బోనులో పెట్టారు. ఊళ్లో కుక్కలకి తిండి పెట్టేవాళ్ల నంబర్లు నేను సేవ్ చేసి పెట్టుకునేది అందుకే. కుక్కల్ని ద్వేషించేవాళ్ల వల్ల ఈ పని జరగదు. వాళ్లు కంప్లైంట్ ఇస్తారు, పట్టుకోవడానికి రారు. అలాగని తిండి పెట్టి చెయ్యి కడుక్కుని లోపలికెళ్లిపోయే జంతుప్రేమ మీద కూడా నాకు గౌరవం లేదు. పెట్టేది మీరైతే ఆపరేషన్‌కి తెచ్చే బాధ్యత కూడా మీదే అనుకోవాలి.

నెల తర్వాత ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. ‘‘ఇప్పుడు రెండే వెంటపడుతున్నాయి సార్’’ అన్నాడు. దీన్ని రిజిస్టర్‌లో ఏమని రాయాలో తెలియక ‘పురోగతిలో ఉంది’ అని రాశాను.

ఇలా మాట్లాడి సర్దడం తప్ప వేరే ఆయుధం లేదా అని మీకు అనిపించొచ్చు. ఉంది, చెప్తే నవ్వుతారు. జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని 11వ సెక్షన్ కింద జంతువుని కొట్టినా, తిండి లేకుండా కట్టేసినా, పెంచుకుని రోడ్డు మీద వదిలేసినా మొదటి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్లు దాటినా అదే పది, అదే యాభై. వేలు పోసి బ్రీడ్ కుక్కని కొని, ఊరు మారేటప్పుడు డంపింగ్ యార్డ్ దగ్గర దింపేసి వెళ్లేవాణ్ని ఈ యాభై రూపాయలు ఏం భయపెడతాయి? పార్కింగ్ టికెట్ కన్నా తక్కువ. పెంపుడు కుక్క ఎవరినైనా కరిచేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత 291 ఉంది, ఆరు నెలల దాకా జైలు లేదా 5000 దాకా జరిమానా లేదా రెండూ. కానీ అది పోలీసు కేసు, నేను చేయగలిగింది మీకు స్టేషన్ దారి చూపించడమే.

విషం పెట్టడం ఇంకా పెద్ద నేరం. అదే సంహిత 325 కింద ఐదేళ్ల దాకా పడొచ్చు. ఒక కాలనీలో పొద్దున్నే నాలుగు కుక్కలు నురగ కక్కి చచ్చిపడున్నాయి. పక్కనే బిర్యానీ పొట్లం. అందులో ఏం కలిపారో తెలియదు. ఎవరు పెట్టారో కాలనీలో అందరికీ తెలుసు, చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. కెమెరాలున్న ఇళ్లవాళ్లు ఆ రాత్రి కరెంటు లేదన్నారు. లైన్‌మన్‌ని అడిగితే ఉందన్నాడు. మా కుర్రాళ్లు కళేబరాలు ఎత్తుతుంటే ఆ పొట్లం కోసం ఒక మేక వస్తోంది, వెనకాలే చెత్త ఏరుకునే పిల్లాడు. ఆ పిల్లాణ్ని చూశాక నాకు చెమటలు పట్టాయి. కుక్కల మీద మీకు ఎంత కోపమైనా ఉండనివ్వండి, వీధిలో పెట్టిన విషం ఎవరి నోట్లోకి వెళ్తుందో పెట్టినవాడి చేతుల్లో ఉండదు.

ఇక ఆవులు. ‘బందెలదొడ్డి’ అన్న మాట మీలో ఎంతమందికి తెలుసు? మీ తాతగారిని అడగండి. పొలంలో పడి మేసిన పశువుల్ని తోలుకెళ్లి కట్టేసే చోటు. యజమాని బందె కట్టి విడిపించుకోవాలి. 1871 నాటి పశువుల చొరబాటు చట్టం దీనికి ఆధారం. దాని ప్రకారం దొడ్డిలో పెట్టిన పశువు కోసం వారం రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసుస్టేషన్‌కి తెలియజేస్తారు, వాళ్లు నోటీసు అంటిస్తారు, ఇంకో వారం చూసి వేలం వేస్తారు. తోలుకెళ్తున్న పశువుని బలవంతంగా విడిపించుకుపోతే ఆరు నెలల దాకా జైలు. పొలాల కోసం పుట్టిన దొడ్డి ఇప్పుడు రోడ్ల కోసం పనికొస్తోంది. నేషనల్ హైవే మీద రాత్రిపూట నల్ల గేదె పడుకుని ఉంటే బైక్ మీద వచ్చేవాడికి చివరి పది అడుగుల దాకా కనపడదు. నవంబర్ 7 నాటి ఆర్డర్‌లో హైవేల మీది పశువుల్ని తొలగించాలన్న మాట కూడా ఉంది.

రోడ్డు మీది ఆవుల్లో చాలావాటికి యజమాని ఉంటాడు. తెల్లారి పాలు పితికి వదిలేస్తాడు, సాయంత్రం అది తనంతట తనే ఇంటికెళ్తుంది. మధ్యలో దాని మేత కూరగాయల మార్కెట్ చెత్త, కవర్లతో సహా. కడుపులో ప్లాస్టిక్ ముద్ద కట్టి చచ్చిన ఆవుల్ని కోసినప్పుడు డాక్టరుగారితో పాటు నేనూ నిలబడి చూశాను. ఆ పాలు తాగేది మనమే. అందుకని ఆవుని పట్టామా, అరగంటలో యజమాని వస్తాడు, వెనకాలే ఒక ఫోన్ వస్తుంది. ఎవరి ఫోనో చెప్పను, వాళ్ల హోదా మాత్రం నాకంటే ఎప్పుడూ పెద్దదే. ‘‘గోమాతని బోనులో పెడతారా?’’ అంటారు. రోడ్డు మీద చెత్త తినడానికి వదిలినప్పుడు ఆ తల్లి గుర్తురాలేదా అని అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది. ఉద్యోగం గుర్తొచ్చి మింగేస్తాను. రసీదు పుస్తకం ముందుకు జరుపుతాను.

అయితే ఒకే ఒక్క గేదె మీద బతికే ముసలామె వచ్చి నిలబడితే ఆ రసీదు పుస్తకం బరువెక్కిపోతుంది. ఆవిడకి మేపుకునే బీడు లేదు. ఉన్న బీడు లేఅవుటైంది, లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాళ్లే ఇప్పుడు గేదె పేడ వేస్తోందని కంప్లైంట్ ఇచ్చారు. పందులు పెంచుకునేవాళ్ల సంగతీ ఇంతే. వాళ్లు ఊరి చివర ఉండేవాళ్లు. ఊరు పెరుగుతూ వెళ్లి వాళ్లని మధ్యలోకి తెచ్చింది, తెచ్చి ముక్కు మూసుకుంది. జరిమానా రాయకుండా ఉండలేను. రాసేటప్పుడు తల ఎత్తి చూడలేను.

ఈ కాలమ్ చదివేది ఎక్కువగా మీ వయసు వాళ్లు కాబట్టి ఒక ముక్క. వల పట్టుకునే కుర్రాళ్లూ మీ వయసు వాళ్లే. ఎక్కువమంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. పనిలో దిగేముందు వాళ్లకి రేబిస్ టీకాలు పడాలి, పడ్డాయో లేదో నేను కార్డు అడిగి చూస్తాను. కుక్క వలలో పడగానే రెండు వైపులా ఫోన్లు లేస్తాయి. ఇటువైపు నుంచి ‘‘చూడండి ఎంత క్రూరంగా’’, అటువైపు నుంచి ‘‘దీన్నే ఎందుకు పట్టారు, ఆ నల్లదాన్ని పట్టండి’’. అరనిమిషం రీల్‌లో వల, అరుపు మాత్రమే ఉంటాయి. ముందు రోజు మైకులో చెప్పింది, తర్వాత కుట్లకి మందు రాసింది ఉండవు. ఒక కుర్రాడి మొహం అలా ఊరంతా తిరిగింది. పెళ్లిచూపుల్లో అవతలివాళ్లు ఆ వీడియో చూపించి ‘‘ఇది మీ అబ్బాయేనా?’’ అని అడిగారట. వాడు పని మానేశాడు. తీయొద్దని నేను అనను, తప్పు పద్ధతిలో పడితే తీసి పెట్టండి, మాకూ భయం ఉండాలి. మొహాలు వద్దు, అంతే.

కంప్లైంట్ ఎలా పెట్టాలో కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ‘మా ఏరియాలో కుక్కలు ఎక్కువ, వెంటనే చర్య తీసుకోండి’ అని వస్తే నేను ఏ సందులోకి బండి పంపాలి? ఎన్ని ఉన్నాయి, ఏ టైంలో ఎక్కడ చేరతాయి, చెవికి గాటు ఉన్నవెన్ని, లేనివెన్ని, పిల్లల తల్లి ఏదైనా ఉందా, ఎవరైనా తిండి పెడుతున్నారా. ఇంత రాస్తే నాకు బంగారం. కరిస్తే మాత్రం యాప్ తెరవకండి. ముందు కుళాయి తెరవండి, సబ్బుతో పావుగంట కడగండి, పసుపూ కారం పెట్టొద్దు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. సర్కారు ఆస్పత్రిలో టీకా ఉచితం. గీరుకుపోయింది కదా పర్లేదు అనుకోవద్దు. రేబిస్ లక్షణాలు కనపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

రాత్రి కుక్క అరుపుల గురించి రాసేవాళ్లకి: రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అని మీరు కోట్ చేసే రూలు మైకులకీ డీజేలకీ. కుక్క గొంతుకి దాన్ని అన్వయించలేను, క్షమించాలి.

ఇంకొక్కటి అడగాలి మిమ్మల్ని. మీ వీధి చివర చికెన్ సెంటర్ ఉందా? రాత్రి మూసేటప్పుడు ఆ పేగులు, ఈకలు ఎక్కడికి వెళ్తున్నాయో ఒకసారి చూసి ఫొటో పెట్టండి. ఒక మలుపులో పన్నెండు కుక్కలు గుంపు కట్టి మనుషుల మీదకి వస్తున్నాయంటే వెళ్లి చూశాం. రెండు షాపులు వ్యర్థాలన్నీ కాలవ గట్టు మీద కుమ్మరిస్తున్నాయి. నోటీసు ఇచ్చాం, వినలేదు. ఇంకోటి ఇచ్చి జరిమానా రాసి, లైసెన్సు జోలికి వెళ్తామన్నాక డబ్బాలు కొన్నారు. మూడు నెలలకి ఆ మలుపులో ఆరు మిగిలాయి. ఒక్కదాన్ని కూడా పట్టకుండా. కుక్క గురించి నాకున్న అధికారం చాలా తక్కువ. చెత్త మీద మాత్రం నాకు పూర్తి అధికారం ఉంది, నోటీసు, జరిమానా, షాపు మూత దాకా. అందుకే నన్ను అడిగితే కుక్కల కంప్లైంట్ కన్నా చెత్త కంప్లైంట్ పెట్టండి అంటాను. రెండూ ఒకే కంప్లైంట్.

స్క్రీన్‌షాట్ పంపినాయనకి విడిగా జవాబు రాశాను. వాళ్ల గేటు ముందు పడుకున్నదానికి చెవి గాటు ఉంది, రిజిస్టర్‌లో నంబరు కూడా దొరికింది. ఆ వీధిలో మొత్తం తొమ్మిది, గాటు ఉన్నవి నాలుగు. పిక్క కరిపించుకున్న పిల్లాడి వీధి దాని వెనకే, అక్కడ ఇంకో మూడు. మిగతా ఎనిమిదింటి కోసం బండి గురువారం పొద్దున ఐదున్నరకి వస్తుంది, రెండు వీధులూ కలిపి. ఆ సందులో ఉండేవాళ్లు బుధవారం రాత్రి బైకులు కాస్త లోపలికి పెట్టుకోండి, వల విసరడానికి చోటు ఉండదు. ఆ రాత్రికి అన్నం ఎవరూ పెట్టొద్దు. కుక్కలకి తిండి పెట్టే నీలం గేటు ఇంటి పిన్నిగారికి నేనే ఫోన్ చేసి చెప్తాను.